లాయం పక్కన పడుకునేదెవరు?

నాడా దొరికింది కదా అని గుర్రాన్ని కొన్నవాడి సామెత మనందరికీ తెలిసిందే. బహ్రెయిన్‌లో అది కాస్త తిరగబడింది. ఇక్కడ కొన్ని ఇళ్ళలో గుర్రం ముందే ఉంటుంది, తాతల నాటి నుంచీ. నాడాలు కొట్టేవాణ్ణి తర్వాత వెతుక్కుంటారు. కట్టేయడానికి చోటు ఆ తర్వాత చూసుకుంటారు. ఆ చోటు ఒక్కోసారి విల్లా వెనక పెరడే అవుతుంది. అప్పుడు వాళ్ళకి మా సల్మాబాద్ గుర్తొస్తుంది.

సల్మాబాద్ పేరు వింటే గుర్రం గుర్తొచ్చేవాళ్ళెవరూ ఉండరు. ఒకవైపు ఈసా టౌన్, ఇంకోవైపు ఆలీ, మధ్యలో కార్ల గారేజీలు, టైర్ల కొట్లు, వడ్రంగి పనులవాళ్ళు, అల్యూమినియం కిటికీలవాళ్ళు, ఇనప షెడ్లు కట్టేవాళ్ళు, వీళ్ళందరూ పడుకునే క్యాంపులు. వీధి చివర చాయ్ దుకాణం దగ్గర నిలబడితే పది నిమిషాల్లో మలయాళం, బెంగాలీ, ఉర్దూ, తెలుగు నాలుగూ చెవిన పడతాయి. నా బతుకుతెరువు ఇనప షెడ్లకి డ్రాయింగులు గీయడం. కార్ల పందిళ్ళు, గోడౌన్లు, నీళ్ళ ట్యాంకుల స్టాండ్లు. ఏడాదికి ఒకటో రెండో లాయాలు కూడా తగులుతాయి. రెండు గుర్రాలకి, మూడు గుర్రాలకి, మహా అయితే నాలుగింటికి.

వచ్చిన ప్రతివాడూ అడిగే మొదటి మాట ఒకటే: "పర్మిషన్ వస్తుందా?" అది న్యాయమైన ప్రశ్నే. కానీ దాన్ని మనం అడిగే తీరులోనూ, ప్రభుత్వాలు జవాబు చెప్పే తీరులోనూ ఒక పెద్ద లోపం ఉందని నాకు చాలా కాలంగా అనిపిస్తోంది. ఇది బహ్రెయిన్‌కే పరిమితమైన లోపం కాదు. ఇంగ్లండులోనూ ఉంది, మన హైదరాబాదులోనూ ఉంది. అనుమతి గోడకిస్తారు, కప్పుకిస్తారు, ఎత్తుకిస్తారు. లోపల బతికే ప్రాణం గురించీ, దాన్ని బతికించే మనిషి గురించీ ఆ కాగితం మీద ఒక్క గీత ఉండదు.

గుర్రం సంగతి ముందు చూద్దాం. ఓ మాదిరి గుర్రం 450 నుంచి 500 కిలోలుంటుంది. రోజుకి పాతిక నుంచి నలభై అయిదు లీటర్ల నీళ్ళు తాగుతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఎనిమిది పది కిలోల ఎండుగడ్డి తింటుంది, పైన దాణా వేరే. తిన్నదంతా ఊరికే పోదు కదా, రోజుకి ఇరవై కిలోలకి తక్కువ కాకుండా లద్దె వేస్తుంది. రెండు గుర్రాలంటే ఏడాదికి దాదాపు 15 టన్నులు. కింద పరిచిన రంపప్పొట్టో గడ్డో తడిసి దాంట్లో కలిస్తే ఇంకా బరువు. ఎండ వేడికి ఈగ గుడ్డు నుంచి ఈగగా మారడానికి వారం పది రోజులు చాలు. అంటే లద్దె కుప్పని వారానికి కనీసం రెండుసార్లైనా తీసిపారెయ్యకపోతే పక్కింటివాళ్ళ వంటింట్లో మీ గుర్రం తాలూకు ఉనికి తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా కడితే దిగులు పెట్టుకుంటుంది. తలుపు కొరుకుతుంది, ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి ఒక గుర్రానికి తీసుకున్న అనుమతి ఏడాది తిరక్కుండా రెండు గుర్రాల అనుమతి అవుతుంది. పైగా దాని ఆయుష్షు పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు. పందెంలో పరిగెత్తేది అందులో కొద్ది ఏళ్ళే. పిల్లలు సరదాపడేది అంతకన్నా తక్కువ. మిగిలిన ఏళ్ళన్నీ అది ఆ పెరట్లోనే ఉండాలి, లేదా ఎవరి చేతికో మారాలి. లాయం డ్రాయింగు మీద సంతకం పెట్టే ఇంజనీరు ఈ ముప్ఫై ఏళ్ళ సంగతి అడగడు. అడగమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ దీవులకీ మన దక్షిణాదికీ మధ్య గుర్రాల బంధం ఇవాళ్టిది కాదు. పర్షియా చరిత్రకారుడు వస్సాఫ్ 13, 14 శతాబ్దాల సంధికాలపు లెక్క ఒకటి రాసిపెట్టాడు. ఖతీఫ్, అల్ హసా, బహ్రెయిన్, హొర్ముజ్ లాంటి చోట్ల నుంచి మాబర్ అనే తమిళ తీరానికీ, కాంబే లాంటి రేవులకీ ఏటా పదివేల గుర్రాలు ఓడలెక్కేవట. ఒక్కోదాని ధర 220 దీనారాల ఎర్ర బంగారం. మొత్తం 22 లక్షల దీనారాలు. దారిలో గుర్రం చచ్చిపోయినా దాని వెల రాజు ఖజానా నుంచి చెల్లించాలని ఒప్పందం. ఇంత బంగారం పోసి కొన్న గుర్రాలని మనవాళ్ళు ఎలా చూసుకున్నారంటే, ఆ ముచ్చట మార్కో పోలో కూడా చెప్పాడు: సరిగా సాకడం తెలియక ఏడాది తిరిగేసరికి చాలావాటిని చంపుకునేవాళ్ళు, నాడాలు కొట్టేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు కాదు, అందుకే మళ్ళీ మళ్ళీ కొనాల్సొచ్చేది. విదేశీయుల మాటల్లో ఎంతో కొంత వెటకారం ఉంటుందనుకున్నా, ఏటా అన్ని వేల గుర్రాలు దిగుమతి అయ్యాయంటే అంతకు ముందు దిగినవి ఏమయ్యాయనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

తర్వాతి కాలం వాడు, పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్, సాళువ నరసింహరాయల గురించి ఇంకా తమాషా సంగతి రాశాడు. రాయలు హొర్ముజ్, ఏడెన్‌ల నుంచి గుర్రాలు తెప్పించేవాడు. మూడింటికి వెయ్యి పర్దావుల చొప్పున, బతికున్నా చచ్చినా, కొనేవాడు. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదాని ధరే ఇచ్చేవాడు. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతాన్ని అంకితమిచ్చింది ఈ రాయలకే. యాగాశ్వం వెనక దేశాలన్నీ తిరిగే కథని, సముద్రంలో చచ్చిన గుర్రపు తోకకి వెల కట్టిన రాజుకి అంకితమివ్వడంలో ఉన్న పొంతన ఆ కవికి తోచిందో లేదో గానీ, నాకు మాత్రం బహ్రెయిన్‌కి వచ్చాక తోచింది. ఆముక్తమాల్యద రాజనీతిలో కృష్ణదేవరాయలు దూరదీవుల నుంచి ఏనుగుల్ని, గుర్రాల్ని తెచ్చే వర్తకుల్ని ఊళ్ళిచ్చి, ఇళ్ళిచ్చి, మంచి లాభాలిచ్చి దగ్గర పెట్టుకోమన్నాడు. ఆ గుర్రాలు శత్రువుల చేతికి పోకూడదు కదా.

వర్తకుడికి ఊరిచ్చారు. తోకకి బంగారమిచ్చారు. మరి గుర్రాన్ని రాత్రిపూట చూసుకునేవాడికి? కాకతీయుల కాలంలో గుర్రాలని తీర్చిదిద్దేవాళ్ళకీ, ఆశ్విక దళాలు నడిపేవాళ్ళకీ "సాహిణి" అనే బిరుదుండేది. గణపతిదేవుడి కింద కాయస్థ గంగయ సాహిణి పెద్ద సామంతుడి స్థాయికి ఎదిగాడు. మనుమంచిభట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యాలతో శాస్త్రమే రాశాడు. అంటే ఆ విద్యకి ఒకనాడు గౌరవముండేది. శాసనాల్లో పేర్లు మిగిలాయి. లద్దె ఎత్తినవాడి పేరు మాత్రం ఆనాడూ మిగల్లేదు, ఈనాడూ మిగలడం లేదు.

సరే, అనుమతుల దగ్గరికి వద్దాం. పెరట్లో లాయం అనే విషయం మీద ఎక్కువ కాగితాలు ఖర్చుపెట్టిన దేశం ఇంగ్లండు. అక్కడ 2015 నాటి ఉత్తర్వు ప్రకారం ఇంటి ఆవరణలో, ఇంటివాళ్ళ సొంత సరదా కోసం కట్టుకునే చిన్న కట్టడాలకి కొన్ని షరతులు పాటిస్తే విడిగా అనుమతి అక్కర్లేదు. పెంపుడు జంతువులని ఉంచే కట్టడాలూ ఆ కోవలోకే వస్తాయి. ఒకే అంతస్తు ఉండాలి. చూరు ఎత్తు రెండున్నర మీటర్లు దాటకూడదు. సరిహద్దుకి రెండు మీటర్ల లోపలైతే మొత్తం ఎత్తే రెండున్నర మీటర్లు. ఇంటి ముందు వైపు కట్టకూడదు. ఖాళీ స్థలంలో సగానికి మించి కట్టడాలు ఉండకూడదు. అన్నీ కొలతలే. టేపు పట్టుకుని వెళితే అరగంటలో తేలిపోతాయి.

పొలంలో కడితే మాత్రం వేదాంత చర్చ మొదలవుతుంది. గుర్రాన్ని ఉంచుకోవడం వ్యవసాయమా, కాదా? 1962లో బెల్మాంట్ ఫార్మ్ కేసులో, పోటీల కోసం గుర్రాలని పెంచి తర్ఫీదివ్వడం వ్యవసాయం కాదన్నారు. 1981లో సైక్స్ కేసులో ఇంకో మెలిక వచ్చింది: గుర్రం ఆ పొలంలో గడ్డి మేయడానికే ఉంటే అది వ్యవసాయం, దాణా బయటినుంచి తెచ్చిపెడుతూ, ఊరికే స్వారీకీ వ్యాయామానికీ ఉంచితే కాదు. అంటే న్యాయమూర్తులు గుర్రం నోటి వంక చూసి తీర్పు చెప్పాల్సిన పరిస్థితి. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ ప్రశ్నలో కనీసం గుర్రం ఉంది. అది ఏం తింటోంది, ఎందుకక్కడుంది అని ఎవరో ఒకరు అడిగారు. కొలతల కాగితం కన్నా అది నయం.

మన హైదరాబాదుకి వస్తే, 2020లో టీఎస్ బీపాస్ చట్టం తెచ్చారు. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకుంటే అనుమతే అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకి సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల్లో తేల్చాలి. లంచం లేకుండా ఇల్లు కట్టుకోవడానికి ఇది మంచి పద్ధతే, కాదనను. కానీ ఆ దారిలో ప్రభుత్వం మనల్ని అడిగేదీ గోడల సంగతే. జంతువులకి లైసెన్సు ఇంకో కిటికీ దగ్గర, మురుగు ఇంకో కిటికీ దగ్గర, పశువైద్యం ఇంకో శాఖ దగ్గర. ఒక కిటికీలో ఏమన్నారో పక్క కిటికీకి వినపడదు. పెంట్‌హౌసులకీ సెల్లార్లకీ మనవాళ్ళు దొంగదారులు కనిపెట్టారు గానీ, లాయానికి దొంగదారి కూడా అక్కర్లేదు. "సర్వెంట్ క్వార్టర్స్" అని గీస్తే సరిపోతుంది. సర్వెంటు ఎక్కడుంటాడంటారా? ఆ సంగతికే వస్తున్నాను.

నగరం బయట ఇంకో కథ నడుస్తోంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నీటిని కాపాడాలని 1996 మార్చిలో 111 జీవో ఇచ్చారు. ఆ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు. ఆ ఆంక్షల నీడలోనే మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌసులు లేచాయి, వాటిలో గుర్రపు స్వారీ నేర్పే చోట్లూ వచ్చాయి. 2022లో ఆ ఆంక్షలని సడలించడానికి పూనుకున్నప్పుడు అందరూ మాట్లాడింది ఎకరం ధర గురించి. ఏడాదికి ఏడెనిమిది టన్నుల లద్దె వేసే ప్రాణి ఒక్కొక్కటీ, వానొస్తే ఆ నీళ్ళు ఎటు పారతాయి అన్న మాట నేనైతే ఎక్కడా వినలేదు.

బహ్రెయిన్ పరిస్థితి వేరు. మొత్తం దేశం ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అందులో పదిహేను లక్షల మంది. తాగే నీటిలో ఎక్కువ భాగం సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి చేసిందే. అయినా గుర్రం మీద ఈ నేలకున్న ప్రేమ మామూలుది కాదు. రాజకుటుంబపు అశ్వశాలల్లో జల్లాబీ, కుహైలాన్ లాంటి పేర్లతో వంశాలని తరతరాలుగా కాపాడుకుంటున్నారు. అరబ్బీ గుర్రాల్లో వంశం పేరు తల్లి వైపు నుంచి వస్తుంది; మనుషుల్లో తండ్రి పేరు చూసేవాళ్ళు గుర్రాల్లో తల్లిని అడుగుతారు. సఖీర్‌లో రషీద్ ఈక్వెస్ట్రియన్ క్లబ్బు పందేలు నడుపుతుంది. 2019 నుంచి అంతర్జాతీయ ట్రోఫీ కూడా పెట్టారు. శుక్రవారం సాయంత్రం ఉత్తరాది పల్లెల్లో రోడ్డు పక్కన కుర్రాళ్ళు జీను కూడా లేకుండా స్వారీ చేస్తూ కనిపిస్తారు. వాళ్ళలో చాలామందివి కోట్ల ఆస్తులేం కావు. పెరట్లోనో, బీటు పడిన ఖర్జూరతోటలోనో రేకుల కింద గుర్రాన్ని కట్టేసుకునే మామూలు ఇళ్ళవాళ్ళు. వాళ్ళని చూసినప్పుడు ఈ చట్టాల గురించి రాయడానికి కూడా నాకు కాస్త మొహమాటంగా ఉంటుంది.

కానీ 2010, 2011లలో ఇక్కడ జరిగింది గుర్తుంచుకోవాలి. గుర్రాలకి గ్లాండర్స్ అనే జబ్బు సోకింది. చాలా పాత జబ్బు, అనేక దేశాల్లో తుడిచిపెట్టేసినది. మన దేశంలో దీనికోసం తెల్లవాళ్ళు 1899లోనే ప్రత్యేకంగా చట్టం చేశారు. 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల చట్టం దాని స్థానంలోకి వచ్చింది. ఈ జబ్బుకి టీకా లేదు. సోకిన గుర్రాన్ని చంపి పాతిపెట్టడమే పద్ధతి. ఇక్కడ గుర్రాలతో కలిసి ఉన్న ఒక ఒంటెకి కూడా సోకినట్టు శాస్త్ర పత్రికల్లో నమోదైంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇది మనిషికీ సోకుతుంది. ఏ మనిషికి? విల్లాలో పైఅంతస్తులో పడుకునే మనిషికి కాదు. గుర్రం ముక్కు తుడిచేవాడికి, నీళ్ళ తొట్టి కడిగేవాడికి, పుండుకి మందు రాసేవాడికి. అనుమతి పొందిన లాయాలన్నీ ఒక పుస్తకంలో ఉంటే జబ్బు వచ్చిన రోజున అధికారులు పది ఫోన్లు చేసి జాగ్రత్త చెప్పగలరు. దొంగచాటు లాయాలైతే వీధి వీధీ గాలించాలి. అందుకే నేను నిషేధం కోరేవాణ్ణి కాను. నిషేధిస్తే గుర్రాలు పోవు, గోడ వెనక్కి పోతాయి.

ఇప్పుడు ఆ మనిషి సంగతి.

గుర్రానికి గది ఎంతుండాలన్న లెక్క ప్రపంచమంతటా స్థిరపడిపోయింది. బ్రిటిష్ హార్స్ సొసైటీ వాళ్ళ మాట ప్రకారం మామూలు గుర్రానికి 12 అడుగులు బై 12 అడుగులు. 144 చదరపు అడుగులు. పెద్ద గుర్రమైతే ఇంకో రెండడుగులు కలుపుతారు. నా దగ్గరికి వచ్చే ప్రతి యజమానికీ ఈ లెక్క నోటికి వచ్చు. తగ్గిస్తే ఊరుకోడు. గుర్రం పడుకుని లేవడానికి చోటు కావాలి, తల పైకెత్తితే కప్పు తగలకూడదు, ఎదురెదురు గాలి ఆడాలి అని నాకే పాఠం చెప్తాడు. నిజమే, అన్నీ ఉండాల్సినవే.

ఇదే దేశంలో కార్మికుల వసతి నిబంధనల్లో మనిషికి ఉండాల్సిన కనీస చోటు 40 చదరపు అడుగులు. అయిదడుగులు బై ఎనిమిది. సరిగ్గా మంచమూ, దాని పక్కన చెప్పులు విడిచే జాగా. గుర్రం గదిలో ముగ్గురు మనుషులు పట్టి ఇంకా కొంచెం మిగులుతుంది. గుర్రం పెద్ద జంతువు కదా అనొచ్చు. అవును, అనొచ్చు. గుర్రం చోటు తగ్గించమని నేను అడగడం లేదు. ఆ 40 కూడా క్యాంపులో ఉండే కంపెనీ కార్మికుడి లెక్క. పెరట్లో లాయం చూసుకునేవాడు క్యాంపులో ఉండడు. దాణా గదిలోనో, జీన్లు వేలాడదీసే గదిలోనో, లాయానికీ ప్రహరీకీ మధ్య ప్లైవుడ్ కొట్టిన సందులోనో ఉంటాడు. డ్రాయింగు మీద ఆ గది పేరు "స్టోర్". నేను గీసిన డ్రాయింగులన్నిట్లోనూ "స్టోర్" ఉంది. ఏ స్టోరుకైనా కిటికీ పెట్టమని అడిగితే సామాను పెట్టుకోవడానికేగా మొదట ఎందుకంటారు. మరుగుదొడ్డి లైను గీయమంటే నవ్వుతారు.

బహ్రెయిన్ 2012 నాటి కార్మిక చట్టం గల్ఫులో మెరుగైన వాటిలో ఒకటని పేరు. కానీ అందులోనూ ఇంటి పనివాళ్ళకి, ఇంటి డ్రైవర్లకి, వంటవాళ్ళకి, కాపలావాళ్ళకి, తోటపనివాళ్ళకి కొన్ని అధ్యాయాలే వర్తిస్తాయి: ఒప్పందం, ఏటా సెలవు, పని వదిలినప్పుడు ఇచ్చే డబ్బు, అలాంటివి. రోజుకిన్ని గంటలే పని అన్న లెక్క వాళ్ళ దాకా రాదు. గుర్రానికి రోజుకిన్ని గంటలు అనేది ఎటూ ఉండదు. తెల్లవారు నాలుగింటికి దాణా, రాత్రి పదింటికి నీళ్ళు, కడుపునొప్పి వస్తే రాత్రంతా నడిపించాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నిషేధముంది, మంచి నిషేధం. సరిగ్గా ఆ నాలుగు గంటల్లోనే గుర్రాన్ని చల్లటి నీళ్ళతో తడపాలి. గొట్టం పట్టుకునేదెవరు?

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఇలాంటి లాయంలో పనిచేస్తాడు. ఊళ్ళో ఎడ్లని చూసుకున్నవాడు, గుర్రం తొందరగానే అలవాటైంది. దానికి తన మీద ఉన్న నమ్మకం గురించి చెప్తుంటే మొహం వెలిగిపోతుంది. ఒకరోజు మాటల్లో అన్నాడు: "అన్నా, గుర్రానికి ఏసీ పెట్టిండ్రు. నాకు పాత ఫ్యాన్ ఇచ్చిండ్రు. తప్పు గుర్రంది గాదే. దానికి నోరుంటే నన్ను లోపల పండుకోమంటది." అతను ఫిర్యాదుగా చెప్పలేదు. అందుకే అది ఇంకా మనసులో నిలిచిపోయింది.

దీనికి రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది సొంతదారుల మాట: నా పెరడు, నా గుర్రం, మీకెందుకు? పెరడు మీదే. కానీ ఈగ మీ ప్రహరీ దగ్గర ఆగదు, వాసన ఆగదు, గ్లాండర్స్ ఆగదు. ఎండుగడ్డి పేర్చిన గదిలో వదులు వైరు నిప్పు రాజేస్తే మంట పక్కింటిని అడిగి అంటుకోదు. ఇంటి లోపల మీరేం చేస్తారన్నది మీ ఇష్టం అనే మాటకి, లోపలున్నది లోపలే ఉన్నంతవరకే విలువ.

రెండోది దీనికి పూర్తి వ్యతిరేకం: గుర్రాలు డబ్బున్నవాళ్ళ సరదా, ఊళ్ళో ఉండనివ్వకండి, పూర్తిగా ఆపేయండి. ఈ మాట అనేవాళ్ళు మన జట్కాబండ్లని మర్చిపోయారు. రాజమండ్రి, బెజవాడ, నెల్లూరు రైల్వే స్టేషన్ల ముందు వరసగా నిలబడ్డ జట్కాల గుర్రాలు ఏ అశ్వశాలల్లో ఉండేవి? బండివాడి గుడిసె పక్కనే. మనిషికీ గుర్రానికీ ఒకే చూరు. ఉలవ గుగ్గిళ్ళు కొనడానికి డబ్బు చాలనప్పుడు ఇద్దరూ కలిసే పస్తున్నారు. ఇవాళ పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని అద్దెకిచ్చేవాళ్ళ పరిస్థితీ అదే. గంపగుత్తగా నిషేధిస్తే మొదట దెబ్బ తగిలేది వాళ్ళకి. విల్లావాడు "ఫామ్" అని బోర్డు మార్చుకుంటాడు, గుర్రాన్ని అమ్ముకునేది బండివాడు. అందుకని నియమం కడితే గోడ ఎత్తుని బట్టి కాదు, గుర్రాల సంఖ్యని బట్టీ, అవి అక్కడ ఉండటానికి గల అవసరాన్ని బట్టీ కట్టాలి. బతుకుతెరువు గుర్రానికి రుసుము లేకుండా పశువైద్యుడు వచ్చి చూసి పోవాలి. సరదా గుర్రానికి రుసుము గట్టిగా ఉండాలి.

మరి ఏం చేయాలంటావు అని అడిగితే, నా దగ్గర పెద్ద పథకాలేం లేవు. నేను డ్రాయింగులు గీసేవాణ్ణి కాబట్టి, డ్రాయింగు మీద ఏముండాలో మాత్రం చెప్పగలను.

గుర్రాల సంఖ్య రాయాలి, కట్టడపు కొలత ఒక్కటే కాకుండా. రెండుకి తీసుకుని నాలుగు కడితే అనుమతి పోవాలి. లద్దె గుంట ఎక్కడో గీయాలి, ఎవరు ఎన్ని రోజులకొకసారి తీసుకెళ్తారో పక్కన రాయాలి. కడిగిన నీళ్ళు ఏ కాలువలోకి పోతాయో బాణం గుర్తుతో చూపించాలి. వాననీళ్ళ కాలువలోకి అయితే కుదరదు. ఎండుగడ్డి గది ఇంటి గోడకీ పక్కింటి గోడకీ దూరంగా ఉండాలి. పక్కింటివాళ్ళకి కాగితం వెళ్ళాలి. వాళ్ళ అంగీకారమే చివరి మాట కానక్కర్లేదు, కానీ వాళ్ళ మాట వినకుండా చివరి మాట ఉండకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి అక్కడ ఎవరైనా పడుకుంటారా అన్న ప్రశ్న ఫారం మీద ఉండాలి. ఉంటే ఆ గదికి కిటికీ, చల్లదనం, నీళ్ళు, మరుగుదొడ్డి, లాయం గోడకి తగలకుండా వేరే గోడ, బయటికి వేరే తలుపు. "స్టోర్" అన్న పేరుతో వాటిని ఎగ్గొట్టే వీలు ఉండకూడదు. పడుకోరు అని రాస్తే, తనిఖీకి వచ్చినవాడికి అక్కడ పరుపు కనపడితే అది అబద్ధపు ధ్రువీకరణ. ఇల్లు కట్టడంలో అబద్ధపు ధ్రువీకరణకి ఏ శిక్ష ఉందో దీనికీ అదే ఉండాలి.

ఇంకొకటి. ఈ అనుమతి కట్టడానికిచ్చినట్టు శాశ్వతంగా ఇవ్వకూడదు. ప్రాణానికిచ్చినట్టు ఏడాదికోసారి కొత్తగా తీసుకునేట్టుండాలి. గోడ మారదు, గుర్రం మారుతుంది. ముసలిదవుతుంది, జబ్బు పడుతుంది, అమ్ముడుపోతుంది. చూసుకునే మనిషి మారతాడు, కొన్నిసార్లు ఆర్నెల్లకే. ఏడాదికోసారి పశువైద్యుడు ఒక్క పూట వచ్చి గుర్రం పళ్ళూ డెక్కలూ చూస్తే, వచ్చిన పనిగా ఆ మనిషి పడుకునే చోటు కూడా చూడొచ్చు. డెక్కలు చూసినవాడికి అది కనపడకుండా పోదు.

ఇదంతా ఎందుకు, ఎవరిదో దేశం, ఎవరివో గుర్రాలు అని ఇది చదివే మనవాళ్ళు కొందరు అనుకోవచ్చు. మీలో డాలస్‌లో ఎకరాల ఇల్లు కొనుక్కుని పిల్లకి పోనీ కొనాలనుకుంటున్నవాళ్ళున్నారు. మొయినాబాద్‌లో ఫామ్‌హౌసు ఉన్నవాళ్ళున్నారు. విజయవాడ బయట తోట కొన్నవాళ్ళున్నారు. మీకు గుర్రం కావాలనిపించడంలో తప్పేమీ లేదు. అంత అందమైన జంతువుని చూసి కావాలనిపించకపోతేనే వింత. ఏడు వందల ఏళ్ళ కిందట ఈ దీవుల నుంచి గుర్రాన్ని కొన్నవాళ్ళకీ అనిపించింది; బంగారం పోశారు, సాకేవాళ్ళని మాత్రం సంపాదించుకోలేకపోయారు. ఇప్పుడు సాకేవాళ్ళు మనవాళ్ళే. మన ఊళ్ళ నుంచే ఓడ బదులు విమానమెక్కి, అటునుంచి గుర్రాలు వచ్చిన దారిలోనే ఇటుకి వస్తున్నారు.

కాబట్టి మీ పెరట్లో లాయానికి ప్లాను గీయించుకునే రోజున, ఆ గీసేవాడు ఎవరైనా సరే, గుర్రం గదులు గీసిన తర్వాత పక్కనున్న చిన్న గది మీద వేలు పెట్టి దీని పేరేమిటని అడగండి. "స్టోర్" అంటే, లోపల ఏం పెడతారని కూడా అడగండి.